చెయ్యి విరిగిన నెల జీతం

ప్రశ్న: టీచర్ గారూ, మాది విజయవాడ సత్యనారాయణపురం. అపార్టుమెంటులో మూడో అంతస్తు. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. ఇద్దరు పిల్లలు. ఐదేళ్లుగా మా ఇంట్లో ఒకామె పని చేస్తోంది. అంట్లు తోమడం, ఇల్లు ఊడ్చి తుడవడం, బట్టలు ఆరేసి మడతపెట్టడం. జీతం 4,000. మా అపార్టుమెంటులోనే ఇంకో ఇల్లు, వెనక వీధిలో రెండిళ్లు చేస్తుంది. పోయిన నెల 18న వాళ్లింటి దగ్గర మెట్ల మీద జారిపడి కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆరు వారాలు సిమెంటు కట్టు ఉంచాలన్నారట. ఒకటో తారీఖున, చేసిన 17 రోజులకే లెక్కకట్టి ఇవ్వమన్నారు మా ఆయన. నేను ఆయనకి చెప్పకుండా నెల మొత్తం ఇచ్చేశాను. ఇప్పుడు మళ్లీ ఒకటో తారీఖు వస్తోంది. 'పని చెయ్యని నెలకి జీతమేంటి, కొత్త మనిషికి 4,500 ఇస్తున్నాం కదా' అంటున్నారు ఆయన. పక్క ఫ్లాటావిడ అయితే 'నువ్విలా అలవాటు చేస్తే రేపు మేమంతా ఇవ్వాల్సొస్తుంది' అని మొహం మీదే అనేసింది. మొన్న మా పనామె కట్టు కట్టిన చేత్తోనే వచ్చి, 'మా పిల్ల తొమ్మిదో తరగతి చదువుతోందమ్మా. పొద్దున్న రెండు గంటలు పంపిస్తాను. నా చోటు వేరేవాళ్లకి ఇవ్వకండి' అంది. ఆ పిల్లని రమ్మంటే కొత్త మనిషి ఖర్చు తప్పుతుంది, పాతామెకి జీతమూ అందుతుంది, ఇంతకంటే ఏం కావాలి అంటున్నారు మా ఆయన. నాకేమో ఒకటే టెన్షన్‌గా ఉంది. ఏది న్యాయం? దీనికి చట్టం ఏమైనా ఉందా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, జీతం ఇవ్వండి. ఆ పిల్లని మాత్రం రానివ్వకండి.

మీ ఉత్తరంలో జీతం గురించి చాలా వాక్యాలున్నాయి, పిల్ల గురించి రెండే ఉన్నాయి. నేను ఆ రెండింటి దగ్గరే ఆగిపోయాను. ఎందుకో చెప్తాను.

నేను ముప్ఫై ఒక్క ఏళ్లు గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. 2009లో మా ఇంట్లో పనిచేసే ఆమెకి గర్భసంచి ఆపరేషన్ అయింది. రెండు నెలలు వంగకూడదు, బరువులెత్తకూడదు అన్నారు. అప్పుడు ఆమె జీతం 900. ఆ నెల తొమ్మిది రోజులే వచ్చింది. రోజుకి ముప్ఫై, తొమ్మిది రోజులకి 270. పిల్లల నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద భాగహారం వేసి, చూపించి మరీ ఇచ్చాను. లెక్క తప్పలేదు కదా అని నా మనసుకి చాలా తృప్తిగా ఉంది. ఆమె ఆ డబ్బు కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు.

నాలుగో రోజు పొద్దున్న ఆరింటికి తలుపు చప్పుడైతే తీశాను. వాళ్ల పెద్దమ్మాయి నిలబడి ఉంది. ఎనిమిదో తరగతి. తలకి నూనె పెట్టుకుని రెండు జడలు వేసుకుంది. జడలకి స్కూలు రిబ్బన్లు, మడిచి పైకి కట్టి ఉన్నాయి. 'అమ్మ పంపింది టీచరమ్మా' అంది. రా అన్నాను. పిల్లలు నాలుగు రోజులు బడికి రాకపోతే ఇళ్లకి వెళ్లి పిలుచుకొచ్చే మనిషిని, నేనే రా అన్నాను.

మా ఇల్లయ్యాక ఆ పిల్ల ఇంకో రెండిళ్లకి వెళ్లేది. మొదటి వారం సంచీ మా వరండాలో పెట్టి, పనవగానే తీసుకుని పరుగెత్తేది. రెండో వారం నుంచి జడలకి రిబ్బన్లు లేవు. మామూలు రబ్బరు బ్యాండు వేసుకొచ్చింది. నేను చూశాను. చూసి కూడా అడగలేదు. అడిగితే రేపు అంట్లు ఎవరు తోముతారు అన్న ఆలోచన నా మనసులో ఎక్కడో ఉండే ఉంటుంది. రెండు నెలల తర్వాత వాళ్లమ్మ తిరిగొచ్చింది కానీ పిల్ల బడికి తిరిగి వెళ్లలేదు. ఆ రెండు నెలల్లో నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు తీరాలి కదా, అందుకని ఆ పిల్ల వేరే ఇళ్లు ఒప్పుకుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇంటి పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు 10 నుంచే నిషేధం. అంటే 2009లో నేను చేసింది చట్టప్రకారం నేరం. ఆ సంగతి తెలియని మనిషిని కూడా కాదు. స్టాఫ్ రూములో దాని గురించి మాట్లాడుకున్నాం కూడా.

కొన్నేళ్ల కిందట బీసెంట్ రోడ్డులో ఆ అమ్మాయి కనిపించింది. చంకలో పిల్లాడు. 'బాగున్నారా టీచరమ్మా' అని ఎంతో ఆప్యాయంగా పలకరించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీ పనామె కూతురికి పద్నాలుగు నిండే ఉండొచ్చు. చట్టం మీ గుమ్మం దాకా రాకపోవచ్చు. కానీ వచ్చే ఏడు ఆ పిల్ల పదో తరగతి. పొద్దున్న రెండు గంటలే అంటోంది తల్లి. వాళ్లకున్నవి నాలుగిళ్లమ్మా. మీ ఇంట్లో రెండు గంటలైతే మిగతా మూడిళ్ల మాటేమిటి? మీరు సరే అంటే మిగతా ముగ్గురూ సరే అంటారు. నాలుగిళ్లూ అయ్యేసరికి బడిలో మధ్యాహ్నం భోజనం గంట కొడతారు. తల్లికి కూతురు మీద ప్రేమ లేక పంపిస్తానంటోందని అనుకోకండి. చోటు పోతుందని భయం. గ్రూపు లోను వాయిదా ఆగితే మిగతా ఆడవాళ్లు ఇంటి ముందుకొస్తారని భయం. ఆ భయం మీ 4,000తో మొత్తం పోదు గానీ, కూతుర్ని పంపక్కర్లేనంతగా తగ్గుతుంది. నేను జీతం ఇవ్వమంటున్నది అందుకే.

ఇప్పుడు మీ వారి ప్రశ్న. 'పని చెయ్యని నెలకి జీతమేంటి?' అడగాల్సిన ప్రశ్నే. ఆయన్ని తప్పుపట్టను. కానీ ఒక్కసారి ఇద్దరూ కూర్చుని మీ ఉద్యోగాల్లో ఎన్ని రోజుల సెలవుందో లెక్కపెట్టండి. నాకు సర్వీసులో ఏడాదికి 15 సీఎల్‌లు, 20 రోజుల హాఫ్ పే లీవు ఉండేవి. అపెండిసైటిస్ ఆపరేషనై ఇరవై రోజులు మంచం మీదున్నప్పుడు కూడబెట్టిన ఆ హాఫ్ పే లీవుని కమ్యూట్ చేసుకున్నాను, అంటే రెండు సగం జీతం సెలవులు ఇచ్చి ఒక పూర్తి జీతం సెలవు తీసుకున్నాను. ఒకటో తారీఖుకి పూర్తి జీతం పడింది. పని చెయ్యని రోజులకి జీతమేంటని నన్నెవరూ అడగలేదు. ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉన్న ఫ్యాక్టరీ కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. అదే మనిషి భార్య మన ఇళ్లలో అంట్లు తోముతుంటే ఆమెకి ఏమీ లేదు.

చట్టం సంగతి అడిగారు. 2008లో వచ్చిన అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం ఇళ్లలో పనిచేసేవాళ్లని కూడా కార్మికుల లెక్కలోకి తీసుకుంది. 2025 నవంబరులో దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. అయితే జబ్బు చేసిన రోజులకి జీతం ఇంటివాళ్లే ఇచ్చి తీరాలని ఆ రెండింటిలోనూ లేదు. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివాళ్ల కోసమే 189వ ఒప్పందం తెచ్చింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. కాబట్టి మీరు ఇవ్వకపోతే అడిగేవాళ్లు లేరు.

ఇక మీ అసలు భారం ఎంతో చూద్దాం. ఆరు వారాలంటే 42 రోజులు. అందులో 13 రోజులకి మీరు పోయిన నెల జీతంలోనే ఇచ్చేశారు. మిగిలింది 29 రోజులు. అంటే ఇంకొక్క నెల జీతం, 4,000. మీరూ మీ వారూ ఏళ్ల తరబడి కొత్త మనిషికీ పాత మనిషికీ రెండు జీతాలు మొయ్యాలన్నట్టు ఆందోళన పడుతున్నారు గానీ, విషయం ఒక్క నెలది. ఇద్దరు సంపాదించే ఇంట్లో అది కష్టమే కావచ్చు, మొయ్యలేనిది మాత్రం కాదు. పెన్షన్ మీద బతికే ముసలి దంపతులు ఇదే ప్రశ్న అడిగితే సగం ఇవ్వమనేదాన్ని. మీకు సగం అని చెప్పలేను.

ఇచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఎంత ఇస్తారో ముందే చెప్పేయండి. 'చూద్దాంలే' అంటే ఆమె ఈలోపు వడ్డీకి తెచ్చేస్తుంది. ఇంకొకటి, దాన్ని అడ్వాన్సనో చేబదులనో అనకండి. పనిలోకొచ్చాక నెలకి ఐదొందలు జీతంలోంచి కోసుకునే పద్ధతి నేను చాలా ఇళ్లలో చూశాను. అలా చేస్తే చెయ్యి బాగై ఆమె పనిలోకొచ్చినా ఎనిమిది నెలలపాటు అప్పు తీరుస్తూనే ఉంటుంది. జీతం అనే ఇవ్వండి. అలాగే కొత్తామెకి కూడా ఫలానా తారీఖు దాకానే పని అని ఇవాళే చెప్పండి. ఆమెనీ నమ్మించి చివర్లో మానిపించడం ఇంకో అన్యాయం.

పక్క ఫ్లాటావిడ మాట గురించి ఒక్క ముక్క. ఐదేళ్లలో మీ పనామె ఎన్ని నాగాలు పెట్టిందో ఆవిణ్ణి అడగండి. నాలుగు వేల కోసం కుడి చెయ్యి విరగ్గొట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు. నాగా వేరు, రాలేకపోవడం వేరు. వీలైతే మిగతా మూడిళ్ల వాళ్లతో మీరే మాట్లాడండి. ఆమె అడిగితే దేబిరించినట్టుంటుంది. మీరడిగితే తోటి ఇల్లాలి మాటలా ఉంటుంది. వాళ్లు సగమిచ్చినా మేలే. ఇవ్వకపోతే మీరు మానక్కర్లేదు.

నేను 2009 నుంచి ఏమైనా నేర్చుకున్నానా అంటే, 2024 సెప్టెంబరు సంగతి చెప్పాలి. బుడమేరు వాగు పొంగి మన విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరీపేట మునిగిన రోజు ఒకటో తారీఖు, ఆదివారం. ఇప్పుడు మా ఇంట్లో చేసే ఆమెది సింగ్ నగరే. ఆగస్టు జీతం కవరులో పెట్టి ఫ్రిజ్ మీద ఉంచాను, సోమవారం ఇద్దామని. ఆ కవరు అక్కడే ఉండిపోయింది. ఆమె ఫోను పలకలేదు. ఐదో రోజు వాళ్లబ్బాయి ఎవరి ఫోన్లోంచో మాట్లాడాడు. అప్పటికి వాళ్లు ఎవరి డాబా మీదో ఉన్నారు. ఆ నంబరుకే ఆగస్టు జీతం వేశాను. పదిహేను రోజుల తర్వాత వచ్చింది. చీర అంచు ఇంకా బురద రంగే. గోడ మీద నీళ్ల చార ఎక్కడిదాకా ఉందో తన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించింది. కింది అంతస్తు మునిగిన ఇళ్లకి ప్రభుత్వం 25,000 ఇచ్చింది, అది మంచానికీ గ్యాసు పొయ్యికీ పరుపులకీ సరిపోయింది. సెప్టెంబరు జీతం పూర్తిగా ఇచ్చాను. భాగహారం వెయ్యలేదు. దాంతో వాళ్ల అమ్మాయికి నోటు పుస్తకాలు కొంది. తడిసిన పాత పుస్తకాలు మా మేడ మీదే ఆరబెట్టింది. ఆరాక పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అయినా పారెయ్యనివ్వలేదు ఆ పిల్ల.

కట్టు విప్పాక మీ పనామె మర్నాడే వచ్చి చీపురు పట్టుకుంటుంది. వద్దనండి. మణికట్టుకి కష్టమైన పని పిండడం, మెలిపెట్టడం. తడిగుడ్డ, తడి బట్టలు, నిండు బిందె, పెద్ద కుక్కరు కొన్నాళ్లు ఇవ్వకండి. డాక్టరు ఎప్పుడు సరేనంటే అప్పుడు. ఈ-శ్రమ్‌లో, అంటే అసంఘటిత కార్మికుల ప్రభుత్వ జాబితాలో, ఆమె పేరు ఇంకా లేకపోతే ఈ ఖాళీ రోజుల్లో నమోదు చేయించండి. ఆధార్, బ్యాంకు పుస్తకం, ఫోను ఉంటే చాలు. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమా గురించి బ్యాంకులో అడగండి. విరిగిన చేతికి అది డబ్బివ్వదు. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా ఉపయోగపడుతుంది.

ఆ పిల్ల మీ ఇంటికి పని అడగడానికి వస్తే లోపలికి పిలిచి, లెక్కల పుస్తకం తెచ్చుకోమనండి. సాయంత్రం ఓ అరగంట మీ పిల్లలతో పాటు కూర్చోబెట్టండి. తల్లి ఆ గుమ్మంలో కూతుర్ని అలా చూస్తే మళ్లీ పంపిస్తాననదు.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా పనామె ఏటా మిరపకాయల సీజను రాగానే తొడిమలు తీసే పనికి పోతుంది. రెండు నెలలు రాదు. వచ్చాక 'పాత మనిషిని, ఆ నెలలకి కొంతైనా ఇవ్వండి' అంటుంది. ఇవ్వాలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అక్కర్లేదమ్మా. ఆమె రాలేక మానలేదు, ఇంకాస్త కూలి దొరికే చోటికి వెళ్లింది. అది ఆమె హక్కు. మీ ఊళ్లో మిర్చి యార్డుకి కాయ వచ్చే ఆ కొద్ది నెలల్లోనే నాలుగు డబ్బులు వెనకేసుకోవాలని చూస్తుంది. ఆ నెలలకి మీరు జీతం ఇవ్వనవసరం లేదు. వెళ్లే ముందు పదిహేను రోజులు గడువిచ్చి చెప్పమనండి, తిరిగొస్తే చోటు ఆమెదేనని మీరూ మాటివ్వండి. అంతకు మించి ఎవరూ ఎవరికీ బాకీ లేరు.

ఒక్కటి మాత్రం చెయ్యండి. రోజంతా మిరపకాయలు పట్టుకున్న చేతులు పని మానేశాక కూడా కొన్ని రోజులు మండుతూనే ఉంటాయి. సబ్బు నీళ్లు తగిలితే ఇంకా మంట. వచ్చిన మొదటి వారం అంట్లు మీరు తోముకుని, ఆమెకి ఊడ్చే పని ఇవ్వండి.