కోట చూపించే ముందు

చి.సౌ. శ్రావణికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అత్తగారికీ మామగారికీ బెంగళూరు కోట చూపిస్తానన్నావు. మంచిదే. కానీ మీ మామగారు కోట అనగానే గోల్కొండను ఊహించుకుంటారు. మిగిలింది ఢిల్లీ గేటూ, దాన్ని ఆనుకుని ఉన్న కాస్త గోడా మాత్రమేనని ముందే చెప్పెయ్.

కారు మాత్రం తీయొద్దు. పార్కింగ్ టెన్షన్‌తోనే సగం పూట పోతుంది. మెట్రోలో కె.ఆర్. మార్కెట్ స్టేషన్‌లో దిగండి. పొద్దున్నే వెళితే ముందు పూల మార్కెట్టు చూసుకోవచ్చు. మీ అత్తగారిని అక్కణ్ణుంచి కదిలించడమే కష్టం. బేరం తెలుగులో ఆడినా పని జరిగిపోతుంది.

గేటు దగ్గర తొందరపడకండి. 1537లో కెంపేగౌడ కట్టించింది మట్టికోట. దాన్ని 1761లో హైదర్ అలీ రాతికోటగా మార్చాడు. ఆ తలుపుల ఎత్తూ, వాటి ఇనప బొడిపెలూ దగ్గరికెళ్లి చూడండి. లోపల చిన్న వినాయకుడి గుడి ఉంది, దండం పెట్టుకోండి. బయట గోడకున్న రాతి ఫలకం చాలామంది చూడకుండానే వెళ్లిపోతారు. 1791 మార్చి 21న టిప్పు మీదికొచ్చిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ సైన్యం గోడ పగలగొట్టి చొరబడింది అక్కడేనని రాసుంటుంది. ఆ రాత్రి కోటను కాపాడుతూ ప్రాణాలు విడిచిన కిల్లేదారు, అంటే కోట అధికారి, బహదూర్ ఖాన్ గురించి కూడా మీ మామగారికి చెప్పు. గెలిచినవాళ్ల ఫలకం ఒక్కటే చదివి రావడం నాకు నచ్చదు.

తర్వాత టిప్పు వేసవి మహలు. నడిచే దూరమే. ఇప్పుడు మధ్యలో రోడ్డూ, ఆసుపత్రీ అడ్డొచ్చాయి గానీ, ఒకప్పుడు అదంతా కోట లోపలే. ఈ మాట నడుస్తూ చెబితే కోట ఎంతుండేదో వాళ్లకే తెలుస్తుంది. మహలును 1781లో హైదర్ మొదలుపెడితే 1791లో టిప్పు పూర్తిచేశాడు. స్తంభాలన్నీ టేకువే. టిప్పు దర్బారు జరిపింది పై వసారాలోనే. కింది గదుల్లోని మ్యూజియంలో పెద్దగా ఏమీ లేదు, ఓ చుట్టు చుట్టి వచ్చేయండి.

పక్కనే మైసూరు రాజు చిక్కదేవరాజ ఒడెయరు కట్టించిన కోటె వెంకటరమణ స్వామి గుడి. మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు. మహల్లో ఆలస్యమయ్యేలా ఉంటే ముందు గుడికే వెళ్లండి. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పి అన్నావుగా, తిరుగు ప్రయాణానికి ఆటో మాట్లాడుకో.

మీ పెద్దమ్మ