సున్నపురాయి కోర్లకు ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ ఒక్కటే చాలదు

హుజూర్‌నగర్ దగ్గర సున్నపురాయి కోర్ శాంపిల్స్ (డ్రిల్ చేసి తీసిన గుండ్రటి రాతి కడ్డీలు) కోసం చిన్న ల్యాబ్ పెడుతున్నాం, హ్యాండ్‌హెల్డ్ ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ (ఎక్స్‌రేలతో రాయిలో ఏ మూలకం ఎంతుందో చూపే చేతి పరికరం) కొంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదన్నా. మఠంపల్లి వైపు ఈ కోర్లతోనే పనిచేశాను కాబట్టి గట్టిగా చెప్తున్నా, ముందు రాయిని కోసి, నూరి, పంచే సామాను మీద డబ్బు పెట్టండి.

గన్ ఆనించిన చోట పైపొరను మాత్రమే చదువుతుంది. కాల్షియం, ఇనుము బాగానే చూపిస్తుంది గానీ, సిమెంట్ వాళ్లు భయపడేది మెగ్నీషియంకి, దాని ఎక్స్‌రే ఎంత బలహీనమంటే మధ్యలో ఉన్న గాలే చాలావరకు మింగేస్తుంది. పైగా మన రాయి పొరలు పొరలుగా ఉంటుంది, గన్ కొంచెం పక్కకు జరిపితే రీడింగ్ మారిపోతుంది.

అందుకే డైమండ్ బ్లేడ్ కోర్ కట్టర్ ముందు కావాలి. నిలువునా కోసి సగం కోర్ బాక్స్‌లో దాచాలి, రేపు ఎవరైనా రిజల్ట్ ఒప్పుకోకపోతే మీకు ఆధారం అదొక్కటే. మిగతా సగం జా క్రషర్‌లో పగలగొట్టి, స్ప్లిటర్‌తో సమాన భాగాలుగా పంచి, పల్వరైజర్‌లో 75 మైక్రాన్లకు నూరాలి. చేత్తో గుప్పెడు తీసి ఇదే శాంపిల్ అంటే మాత్రం మొత్తం శ్రమ వృథా.

తర్వాత మఫిల్ ఫర్నేస్, అంటే ఎక్కువ వేడినిచ్చే కొలిమి. 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన పొడిని 950 డిగ్రీలకు పైన, బరువు తగ్గడం ఆగేదాకా కాల్చి, ఎంత తగ్గిందో చూడాలి. స్వచ్ఛమైన కాల్సైట్ (సున్నపురాయిలోని కాల్షియం ఖనిజం) అయితే 43.97 శాతం, మెగ్నీషియం కూడా ఉండే డోలమైట్ అయితే 47.7 దాకా పోతుంది. 44 దాటిందంటే మెగ్నీషియం ఉందేమో అని అనుమానించాలి, ఈడీటీఏ టైట్రేషన్‌తో (ఈడీటీఏ ద్రావణం చుక్కలుగా కలిపి కాల్షియం, మెగ్నీషియం కొలిచే పద్ధతి) తేల్చుకోవాలి, దానికి ఖర్చు కూడా తక్కువే. డిస్టిల్డ్ వాటర్ మాత్రం తప్పనిసరి, గ్లాసులు ఆఖరున కడగడానికి కూడా అదే వాడండి, మన బోరు నీళ్లలో ఉన్న కాల్షియం, మెగ్నీషియమే లెక్క తప్పిస్తాయి.

రాయి బలం కూడా చూడాలంటే కొన్ని ముక్కలు నిలువునా కోయకుండా పక్కన పెట్టండి, పొడవు వ్యాసానికి రెండు, మూడు రెట్లు ఉండాలి.

ఇవన్నీ కుదిరాక గన్ కొనండి, ఫీల్డ్‌లో ఏ ముక్కలు పంపాలో ఎంచుకోవడానికి బాగా పనికొస్తుంది, ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి సంగతి మాత్రం కొనకముందే చూసుకోండి. మీ కోర్ వ్యాసం ఎంత, 47.6 మిల్లీమీటర్ల ఎన్‌క్యూ సైజా, 63.5 హెచ్‌క్యూనా? అది చెప్తే ఏ సైజు కట్టర్ కావాలో చెప్తాను.