కొట్టిన చోటే ఎండితే కట్టె, వెంటనే తోలితే నీళ్లు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపు ఒక పల్లె. మా మిత్రుని పట్టా భూమిలో సుమారు రెండెకరాల బీడు సర్కారు తుమ్మతో నిండిపోయింది. మధ్యలో నాలుగైదు నల్లతుమ్మలు, రెండు వేపచెట్లు ఉన్నాయి. ఇద్దరమూ కలిసి కొట్టి చెరిసగం పంచుకోవాలని అనుకున్నాము. నిరుడు మా చెల్లెలి పెళ్లికి మూడు వారాల ముందు ఇలాగే కొట్టి, ఆ సాయంత్రమే ట్రాక్టరులో ఇంటికి తోలుకున్న కట్టె గాడిపొయ్యిలో మండలేదు. వంటవాళ్లు కళ్లు తుడుచుకుంటూనే వంట ముగించారు. ఈసారి అక్కడే ఎండనిద్దామని నేనంటే, ఎవరైనా ఎత్తుకుపోతారు కనుక వెంటనే తోలుదామని ఆయన అంటున్నారు. ఎవరి మాట వినాలి? పంపకం ఎలా చేసుకోవాలి?

జవాబు: కట్టె విషయంలో మీ మాట, కావలి విషయంలో మీ మిత్రుని మాట సరైనవి.

నిరుడు మీ పొయ్యిలో జరిగింది ఇది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో నూటికి నలభై పాళ్ల దాకా నీరే ఉండవచ్చు. మెత్తని జాతుల్లో అది సగానికి కూడా చేరుతుంది. ఆ నీరంతా ఆవిరయ్యేదాకా మంటలోని వేడిని అదే మింగుతుంది కనుక, కర్ర నుంచి వెలువడే వాయువులు అంటుకునేంత వేడి పొయ్యిలో నిలవక, పొగగా మారి వంటవాళ్ల కళ్లలోకి పోతాయి. నలభై పాళ్ల నీరున్న పది క్వింటాళ్ల పచ్చికట్టెలో అసలు కర్ర ఆరు క్వింటాళ్లే. నీరు ఇరవై పాళ్లకు దిగేదాకా ఎండితే ఆ పది క్వింటాళ్లు ఏడున్నర అవుతాయి. అంటే ప్రతి పది క్వింటాళ్లకూ 250 లీటర్ల నీటిని, పెద్ద డ్రమ్ము నిండి పొర్లిపోయేంత నీటిని, డీజిలు పోసి ఊరికి మోసుకువస్తున్నారన్నమాట. ఎండిన కట్టె కూడా ట్రాలీలో దాదాపు అంతే చోటు ఆక్రమిస్తుంది కనుక ట్రిప్పుల సంఖ్య పెద్దగా తగ్గకపోవచ్చు గాని, ఇసుక వాగు దాటేటప్పుడు ఆ తేడా ట్రాక్టరుకు తెలుస్తుంది.

పుష్య మాఘ మాసాల్లో కొట్టండి. చల్లటి పూట పని సాగుతుంది, ఆ తరువాత మూడు నాలుగు నెలల ఎండ దొరుకుతుంది. ఎండబెట్టడమంటే దుంగలను కుప్పగా వదిలేయడం కాదు. తొడ లావు దుంగను బెరడుతో అలాగే ఉంచితే, రోహిణిలో రోళ్లు పగిలే ఎండ కాసినా లోపలి చెమ్మ పూర్తిగా వదలదు. ఎందుకంటే కర్రలో నీరు నారవెంట నడిచి, తెగిన కొసల నుంచీ చీల్చిన ముఖాల నుంచీ బయటికి పోతుంది, బెరడు దాన్ని అడ్డుకుంటుంది. అందువల్ల మూరెడు ముక్కలుగా కోసి, పచ్చిగా ఉండగానే పేళ్లుగా చీల్చండి. తుమ్మ ఎండిన కొద్దీ ఇనుములా బిగుసుకుంటుంది, అప్పుడు గండ్రగొడ్డలి ఎగిరి మీదికే వస్తుంది. ముక్కను నిలబెట్టి, కొసలో సహజంగా కనిపించే చిన్న పగులు మీదనే దెబ్బ వేయండి. కణుపు ఉన్న ముక్కను నడుమ కొట్టక, అంచుల నుంచి పొరలు పొరలుగా విప్పండి. ఇద్దరు లాగే రంపం వాడేటట్లయితే ఒక్క మాట గుర్తుంచుకోండి: ఎవరి వంతుకు వారు లాగాలే గాని, అవతలివారి వంతులో నెట్టకూడదు, నెడితే పలక వంగి రంపం గాడిలో ఇరుక్కుంటుంది, ఆ తరువాత ఇద్దరూ ఒకరినొకరు తప్పు పడతారు.

పేళ్లను నేల మీద కాకుండా రెండు అడ్డకర్రల మీద, గాలి ఆడేటట్లు పేర్చండి. నేలకు ఆనితే చెదలు పడతాయి. తీసేటప్పుడు మాత్రం చేయి పెట్టే ముందు కర్రతో కదపండి, తేళ్లకు అంతకంటే మంచి చోటు దొరకదు. కట్టె ఎండిందో లేదో తెలియాలంటే రెండు పేళ్లను ఒకదానితో ఒకటి తాకించండి: చెమ్మ ఉంటే దబ్బుమంటాయి, ఎండితే ఖంగుమంటాయి. కొసల్లో నక్షత్రంలా పగుళ్లు విచ్చి, బెరడు గోటితో లేస్తే మృగశిర కార్తె రాకముందే, అంటే జూన్ మొదటి వారంలోపు తోలుకోండి.

ఇక దొంగల సంగతి. నెత్తి మీద మోపుగా పోయేది చీల్చిన కట్టే గాని, మొద్దులు కావు. పేళ్లను బీడు నడుమ వదలకుండా, మనుషులు మసలే బోరు మోటారు గది పక్కకు అదే రోజు చేరవేస్తే ఆయన భయం చాలావరకు తీరుతుంది. అప్పటికీ నాలుగు మోపులు పోతే పోయాయి. పచ్చివి తోలి మూడు వారాలకే కాల్చాలనుకుంటే ఊరంతా పొగే.

పంపకాన్ని బరువు మీద పెట్టుకోకండి. ఒకరి వాటా పచ్చిగా, ఇంకొకరిది ఎండాక ధర్మకాంటా ఎక్కితే, కట్టె సమానమైనా లెక్క సమానం కాదు. అక్కడే మాట పడుతుంది. పేర్చిన రోజునే, మన ఇళ్లలో అన్నదమ్ముల పంపకంలో పెద్దవాడు భాగాలు పెట్టి చిన్నవాడు కోరుకున్నట్లు, ఒకరు రెండు వరుసలు చేయండి, రెండోవారు ముందుగా ఎంచుకోండి. అలాగైతే నల్లతుమ్మ పేళ్లన్నీ ఒకే వరుసలోకి చేరవు.

నరికే ముందు కాగితం పని ఒకటి ఉంది. 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, మన పట్టా భూమిలోని చెట్లకూ వర్తిస్తుంది. సర్కారు తుమ్మకు సాధారణంగా అంత పట్టింపు ఉండదు గాని, నల్లతుమ్మ, వేప కొట్టడానికీ తోలడానికీ అటవీ శాఖ రేంజి కార్యాలయంలో ముందే అడిగి అనుమతి తీసుకోండి. వేపలను ఉంచేస్తేనే మంచిదని నా అభిప్రాయం. సద్ది విప్పుకోవడానికి మీకు వేరే నీడ లేదు. సర్కారు తుమ్మ మాత్రం మోడు నుంచి మళ్లీ చిగురిస్తుంది. ఆ భూమిని దున్నుకోవాలనుకుంటే మోడును వేళ్లతో సహా పెకిలించాలి. కట్టె కోసమే అయితే, లేచిన చిగుళ్లలో రెండు మూడింటిని మాత్రం ఉంచండి.

తోలేటప్పటి సంగతి నా అనుభవం నుంచి చెబుతాను. కల్వకుర్తి దగ్గర ఒకసారి మా ట్రాలీని ఎత్తుగా నింపి, దుంగలకు మోకు బిగించకుండానే బయలుదేరాము. వాగు ఒడ్డు ఎక్కుతుండగా పైవరుస జారి, ట్రాలీ ఒక చక్రం మీద లేచింది. మనుషులకు ఏమీ కాలేదు, కట్టె సగం వాగులో పడింది. లావు దుంగలు అడుగున, పేళ్లు పైన, లోడు ట్రాలీ పలకలు దాటకుండా పేర్చి, రెండు చోట్ల మోకు బిగించండి, కట్టె మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. అన్నిటికంటే ముందు ట్రాక్టరు వచ్చే దారిలోని ముళ్లకంపను పంగలకర్రతో పక్కకు తోసేయండి. సర్కారు తుమ్మ ముల్లు ట్రాలీ టైరులో కూడా దిగుతుంది.