విశాఖ నుంచి జమ్మూకి విమానంలో అసలు ఎంతసేపు పడుతుంది?

దూరం లెక్కేసే సైట్లలో 2 గంటల 40 నిమిషాలు, టికెట్ సైట్లలో ఏడు గంటలు కనిపిస్తోంది, ఏది నమ్మాలని అడిగారు. రెండూ నిజమే. మొదటిది నేరుగా ఎగిరితే పట్టే సమయం. మామూలుగా ఢిల్లీలో విమానం మారాల్సిందే కాబట్టి మీకు పనికొచ్చేది రెండోది.

విశాఖ విమానాశ్రయం ఉన్న నేవీ స్థావరం ఐఎన్ఎస్ డేగా రన్‌వే నుంచి జమ్మూకి గీత గీస్తే సుమారు 1,865 కిలోమీటర్లు. తమాషా ఏంటంటే ఆ గీత దాదాపు ఢిల్లీ మీదుగానే పోతుంది. విశాఖ–ఢిల్లీ 1,357, ఢిల్లీ–జమ్మూ 508, కూడి చూడండి. అంటే ఢిల్లీలో దిగినందుకు దూరం పెరగదు, కూర్చున్నందుకే సమయం పెరుగుతుంది. హైదరాబాద్, ఆపైన ఢిల్లీ అని రెండు చోట్ల మారే టికెట్ చవగ్గా కనిపించినా వద్దు. 400 కిలోమీటర్ల పైనే చుట్టు, ఇంకోసారి దిగడం ఎక్కడం. పెద్దవాళ్లతో అయితే మరీ కష్టం.

ఢిల్లీకి టైమ్‌టేబుల్లో 2 గంటల 20 నిమిషాల ప్రాంతంలో వేస్తారు. గాల్లో ఉండేది అంతకంటే తక్కువే, మిగతాది రన్‌వే దాకా పాకడానికి. చలికాలంలో పైన పడమటి గాలి జోరుగా ఉంటుంది, అందుకే వెళ్లేటప్పుడు పది నిమిషాలు ఎక్కువ, వచ్చేటప్పుడు అంత తక్కువ. ఢిల్లీ–జమ్మూ గంటన్నర లోపే.

చిక్కంతా ఢిల్లీలోనే. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే రెండు గంటల విరామం చాలు. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత విమాన సంస్థది. విడివిడిగా కొంటే ఆ బాధ్యత ఎవరికీ లేదు, సామాను దించుకుని మళ్లీ చెక్ ఇన్ చేయాలి. ఒకటి టెర్మినల్ 1, ఇంకోటి టెర్మినల్ 3 అయితే మధ్యలో రోడ్డు ప్రయాణం. అప్పుడు నాలుగు గంటలు పెట్టుకోండి.

విశాఖ కౌంటర్‌లో బ్యాగుకి ట్యాగ్ కట్టగానే దాని మీద పెద్దక్షరాలు చదవండి. ఐఎక్స్‌జే అని ఉంటే సామాను జమ్మూలో వస్తుంది. డీఈఎల్ అని ఉంటే అక్కడే అడిగి మార్పించుకోండి.

డిసెంబరు, జనవరిలో పొద్దున్నే ఢిల్లీ చేరే విమానం తీసుకోవద్దు, పొగమంచుకి గంటలు గంటలు పోతాయి. జమ్మూలోనూ పొగమంచు పడుతుంది. మధ్యాహ్నం ఢిల్లీ నుంచి బయల్దేరేది మేలు. ఇంకో సంగతి, జమ్మూ సరిహద్దు ఊరు. 2025 మేలో దాంతో పాటు మొత్తం 32 విమానాశ్రయాల్ని కొన్నాళ్లు మూసేశారు. అలాంటప్పుడు, రైళ్లు నడుస్తుంటే, న్యూఢిల్లీ నుంచి వైష్ణోదేవి కొండ కింద ఉన్న కట్రాకి పొద్దున బయల్దేరే వందే భారత్ ఉంది, ఎనిమిది గంటలు.

వైష్ణోదేవికే అయితే జమ్మూ నుంచి కట్రా రోడ్డున 50 కిలోమీటర్లు, గంటన్నర. విశాఖలో రెండు గంటల ముందు రావడం, ఢిల్లీలో మూడు గంటలు, సామాను కోసం అరగంట కలిపితే పదకొండు గంటలు. మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు, వెళ్లేవాళ్లలో ఒకరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. కట్రా కారు బుకింగ్‌కి ఆ నంబరే ఇవ్వండి, లేకపోతే డ్రైవర్ ఫోన్ మీకు రాదు.