సుజాతకు పెద్దమ్మ రాసేది: మీ బాపు మిషన్ పైపులో నీళ్లు చేరకుండా

నల్లగొండ,
కార్తీక మాసం

బిడ్డా సుజాతా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. మీ బాపును ఊరి నుంచి మహబూబ్‌నగర్‌కు తీసుకొచ్చి నిద్ర పరీక్ష చేయించావట. చిట్టీ ఎత్తి ఆ పైసలతో, నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్కులో నుంచి గాలి నెట్టే సీప్యాప్ మిషన్ కొన్నావట. అలవాటయ్యే దాకా ఆయనను నీ దగ్గరే ఉంచుకుంటానన్నావట. చెప్తుంటే మీ అమ్మ గొంతు వణికింది. నేను కూడా ఫోన్ పెట్టేశాక చాలాసేపు అట్లనే కూర్చున్నాను. చిన్నప్పుడు చీకటంటే భయపడి నా కొంగు పట్టుకుని పడుకున్న పిల్లవు, ఇవాళ తండ్రి ఊపిరికి కాపలా కూర్చుంటున్నావు. మా చెల్లె అదృష్టవంతురాలు.

తర్వాత మీ అమ్మ ఫోటో పంపింది. ఫోటో చూశాక నాకు నిద్ర పట్టలేదు. మిషన్ ఎక్కడ పెట్టావు బిడ్డా? బీరువా పక్కన, ఆ ఎత్తు టేబుల్ మీద, మీ బాపు తలకు మూరెడు పైన! ఈ ఉత్తరం ఇక్కడ ఆపి, ముందు లేచి దాన్ని కిందికి దించు. మంచం ఎత్తు కంటే తక్కువ ఉన్న స్టూలు ఏదైనా పనికొస్తుంది. మరీ నేల మీద మాత్రం పెట్టకు, దుమ్మంతా ఫిల్టర్ లోపలికి లాగుతుంది. జరిపే ముందు నీళ్ల ట్యాంకు బయటికి తీయి. నీళ్లు ఉన్నప్పుడు మిషన్‌ను వంచితే ఆ నీళ్లు లోపల మోటారు వైపు పోతాయి.

దించావా? ఇప్పుడు చదువు.

మాస్కు ఎట్లా పెట్టాలో, పట్టీ ఎంత బిగించాలో మిషన్ ఇచ్చినవాళ్లు చూపించే ఉంటారు. పొద్దున లేవగానే మాస్కు మెత్తని భాగాన్ని తుడువు, వారానికోసారి పైపును గోరువెచ్చని నీళ్లల్లో కొంచెం సబ్బు వేసి కడుగు, నీడలో ఆరేయి. ఇవి నీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లు చెప్పకుండా వదిలేసేది, చెప్పినా మనం పట్టించుకోనిది నీళ్ల సంగతి. చలికాలం మొదలైంది కాబట్టి దానికోసమే ఈ ఉత్తరం.

అన్నం ఉడికేటప్పుడు గిన్నె మీద మూత తీస్తే లోపలి వైపు నీళ్లు బొట్లు బొట్లుగా కారుతాయి కదా. పైపులో జరిగేది అదే. మిషన్ ట్యాంకులో నీళ్లను వెచ్చబెట్టి గాలికి తడి ఎక్కిస్తుంది. ఆ వెచ్చటి గాలి ఆరడుగుల పైపులో నుంచి రావాలి. గది చల్లగా ఉంటే పైపు చల్లబడుతుంది, గాలి తాను మోస్తున్న ఆవిరిని దారిలోనే దించేస్తుంది. మీ పెద్దనాయన లెక్క చెప్పారు, రాసుకో. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 30 గ్రాముల ఆవిరిని మోయగలదట. అదే గాలి 15 డిగ్రీలకు చల్లబడితే 13 గ్రాములే మోస్తుంది. మిగిలిందంతా నీళ్లై పైపులోనే పడుతుంది. పుష్య మాసంలో మన స్లాబు ఇళ్లల్లో తెల్లవారుజామున 15 డిగ్రీలు ఎంత మామూలో నీకు తెలుసు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

2016 డిసెంబర్‌లో మీ పెద్దనాయనకు మిషన్ వచ్చింది. రిటైరై అప్పటికి రెండేళ్లు. ఇంట్లో ఎలుకలు, సెలవులకు మనవలు వచ్చి ఉన్నారు, ఎవరి చెయ్యీ తగలొద్దని మిషన్‌ను మంచం పైన గోడకున్న సెల్ఫులో పెట్టాను. దేవుడి పటం పెట్టినంత జాగ్రత్తగా పెట్టాను. ట్యాంకులో గీత దాకా పోయమంటే, తెల్లారేసరికి అయిపోతాయేమోనని గీత పైకి పోశాను. ఆయనకు పొద్దున గొంతు ఎండుతోందంటే తడి సెట్టింగ్‌ను చివరి అంకె దాకా పెంచాను. కిటికీ ఒక రెక్క ఎప్పటిలాగే తెరిచి ఉంచాను, ఆయనకు గాలి ఆడకపోతే పడదని. ప్రతిదీ ఆయన మీద ప్రేమతో చేసిందే.

రాత్రి మూడింటికి పైపులో గుడగుడమని చప్పుడు మొదలైంది. హుక్కా తాగుతున్నట్టు. నేను లేచి లైటు వేసేలోపే ఆయన ఒక్క ఉదుటున లేచి కూర్చుని మాస్కు పీకేశారు. పైపులో చేరిన నీళ్లన్నీ పల్లానికి జారి ఒక్కసారిగా ముక్కులోకి పోయాయి. దగ్గు ఆగలేదు, కళ్లు ఎర్రబడ్డాయి, నేను గుండెపోటు అనుకున్నాను. మర్నాడు రాత్రి కూడా అంతే. ఆవిరి చల్లబడి నీళ్లయ్యే సాంద్రీకరణం పాఠం ముప్పై ఏళ్లు పిల్లలకు చెప్పిన మనిషే, కానీ అర్ధరాత్రి ముక్కులో నీళ్లు పడ్డప్పుడు ఏ పాఠం గుర్తుకొస్తుంది? మూడో రాత్రి మాస్కు చేతిలో పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. "పెట్టుకోవాలంటే భయమైతుంది" అన్నారు. మా పెళ్లయ్యాక ఆయన నోట భయం అనే మాట విన్నది అదే మొదటిసారి.

అప్పుడు నేనన్నాను, "పోనీ తీసేయండి, చలికాలం పోయాక చూద్దాం" అని. ఆ మాట ఆయన అడగలేదు. నేనే అన్నాను. చూడలేక అన్నాను. మిషన్‌ను పైపు కూడా ఆరబెట్టకుండా చీరలో చుట్టి బీరువాలో పెట్టాను. ఆ రాత్రి ఆయన మళ్లీ గురక పెట్టారు. గురక మధ్యలో ఊపిరి ఆగి, మళ్లీ ఎగపోసుకుని మొదలవుతుంటే, పక్కన పడుకుని "అలవాటేలే" అనుకున్నాను. అట్లా రెండు నెలలు.

ఫిబ్రవరిలో హాలియాలో పెళ్లికి పోయి స్కూటర్ మీద వస్తున్నాం. మధ్యాహ్నం, మంచి ఎండ, రోడ్డు మీద పెద్దగా బండ్లు కూడా లేవు. స్కూటర్ మెల్లగా పక్కకు జరుగుతోంది. రాయి ఉందేమో తప్పిస్తున్నారనుకున్నాను. పిలిచేలోపే రోడ్డు దిగి నాటేసిన మడిలో పడ్డాం. నా కుడి మణికట్టు విరిగింది, ఆయన భుజం జారింది. రాత్రిళ్లు ఊపిరి ఆగి ఆగి నిద్ర సరిగ్గా లేక కళ్లు మూతపడ్డాయి, ఆ సంగతే తెలియలేదన్నారు. మడి ఎడమ వైపు ఉంది కాబట్టి బతికాం, బండి కుడి వైపుకు జరిగి ఎదురుగా లారీ వచ్చి ఉంటే ఈ ఉత్తరం రాసే చెయ్యే ఉండేది కాదు. కట్టు కడుతూ డాక్టరు ఒక్క మాట అడిగారు: "మిషన్ రోజూ వాడుతున్నారా?" ఆయన నా వైపు చూడలేదు. నేను తల ఎత్తలేదు.

ఇంటికొచ్చి బీరువా తీస్తే చీరలో నుంచి ముక్కిన వాసన. పైపు లోపల నల్లటి మచ్చలు. దాన్ని పడేసి కొత్త పైపు కొన్నాం. అది తెచ్చిన పిల్లగాడు గదిలోకి వచ్చి, సెల్ఫు వైపు చూసి, ఇంకేమీ అడగకుండా మిషన్‌ను చిన్న స్టూలు మీదికి దించాడు. తడి అంకె మూడు మెట్లు తగ్గించాడు, పైపును దుప్పటి లోపల నుంచి తెచ్చాడు. ఆ రాత్రి నేను కూర్చునే ఉన్నాను. పైపులో ఒక్క చుక్క కూడా చేరలేదు.

అందుకే చెప్తున్నాను బిడ్డా, మిషన్ తల కంటే కింద ఉంటే, నీళ్లు చేరినా వెనక్కి ట్యాంకు వైపు జారుతాయి. ముక్కు వైపు రావు. అన్నిటికంటే ముందు ఇది.

తడి అంకెను రోజుకు ఒక్క మెట్టే మార్చు. పెంచినా తగ్గించినా నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసి పెట్టు, లేకపోతే ఏ అంకె దగ్గర బాగుందో గుర్తుండదు. పైపులో తడి కనబడితే ఒకటి తగ్గించు, ముక్కు ఎండితే ఒకటి పెంచు. కానీ గొంతు ఎండిందనగానే నాలాగా తడి పెంచకు. నోరు తెరుచుకుని పడుకుంటే, మాస్కు అంచుల్లో నుంచి గాలి పోతుంటే కూడా గొంతు ఎండుతుంది. అప్పుడు ఎంత తడి పెంచినా గొంతు ఎండుతూనే ఉంటుంది, పైపు మాత్రం నిండుతుంది. మీ బాపుకు మీసం ఉంది, మాస్కు అంచు సరిగ్గా కూర్చుంటోందో లేదో పడుకున్నాక చెయ్యి పెట్టి చూడు. అన్నట్టు, గాలి ఒత్తిడి అంకె ఒకటి వేరే ఉంటుంది. అది డాక్టరు పెట్టింది. దాన్ని నువ్వు ముట్టుకోకు, ఎంత తెలిసినవాళ్లు చెప్పినా సరే.

పైపు ఎంత వెచ్చగా ఉంటే అంత మంచిది. దుప్పటి కింద నుంచి, ఆయన ఒంటి పక్క నుంచి తేవాలి. మాస్కుకు ఉండే చిన్న చిన్న రంధ్రాల మీద మాత్రం దుప్పటి కప్పొద్దు. వదిలిన ఊపిరి పోయే దారి అదే. మిషన్ గాలి లాగే చోట కూడా బట్ట అడ్డం పడకుండా చూడు. కిటికీ పక్కన మంచం ఉంటే జరుపు. లోపల సన్నటి తీగతో వేడి చేసే పైపులు కూడా దొరుకుతాయి, మీ మిషన్‌కు సరిపోయేది ఉందేమో అడుగు. ధర ఎక్కువే. ముందు పైన చెప్పినవి చేసి చూసి, అప్పటికీ నీళ్లు వస్తే కొను.

ఎండాకాలం వస్తే ఈ బాధ పోతుందనుకోకు. కూలర్ గాలి నేరుగా పైపు మీద పడితే మే నెలలో కూడా నీళ్లు చేరతాయి. ఏసీ అయినా అంతే. మాకు ఒక ఏడు రోహిణి కార్తెలో చేరాయి.

రాత్రి గుడగుడ వినబడితే భయపడకు, ఆయనను భయపెట్టకు. మిషన్ ఆపి, మాస్కు తీసి, పైపును రెండు వైపులా ఊడదీసి తువ్వాలు మీద దులుపు. మళ్లీ పెట్టు. రెండు నిమిషాల పని. తువ్వాలు ఎప్పుడూ తలగడ దగ్గరే ఉండాలి. పొద్దున ట్యాంకులో మిగిలిన నీళ్లు పారబోయి, పైపును కొక్కానికి వేలాడదీయి. నిన్నటి నీళ్ల మీద కొత్త నీళ్లు పోయకు. వేడి నీళ్లు అసలే పోయకు.

ఏ నీళ్లన్నది నా మనసులో వేరే భయం. మా అత్తమ్మది మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆమె నడుము వంగిపోయింది, చివరి పదేళ్లు ఆకాశం చూడలేదు. నీళ్లంటే నాకు అప్పటి నుంచీ అనుమానమే. ఫ్లోరైడ్ ఆవిరితో పాటు లేవదని, బోరు నీళ్లు పోస్తే ఉప్పంతా ట్యాంకు అడుగున తెల్లగా పేరుకుంటుందే తప్ప ఊపిరిలోకి రాదని మీ పెద్దనాయన ఎన్నిసార్లో చెప్పారు. నిజమే కావచ్చు. అయినా నేను డిస్టిల్డ్ వాటర్ తప్ప పోయను. నువ్వూ అదే పోయి. 5 లీటర్ల క్యాన్ మాకు దాదాపు రెండు వారాలు వస్తుంది. కాచి చల్లార్చితే సరిపోతుందని ఎవరన్నా చెప్తారు, కాస్తే ఉప్పు ఎక్కడికీ పోదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు మాత్రం వాడకు.

కరెంటు సంగతి కూడా. ఇన్వర్టర్ మీద నడిపేటప్పుడు నీళ్ల వేడిని ఆపేస్తే బ్యాటరీ చాలాసేపు వస్తుంది. ఎక్కువ కరెంటు తాగేది ఆ వేడే.

మీ బాపు మొండివాడు. నాకు తెలియదా, ముప్పై ఐదేళ్లుగా చూస్తున్నాను. రెండో రాత్రో మూడో రాత్రో "నాకొద్దు బిడ్డా" అంటారు. నీ ముఖం చూసి, నీ నిద్ర పాడవుతోందని అంటారు. అప్పుడు నీకు జాలి కలుగుతుంది. ఆ జాలితో నేనన్న మాట నువ్వు అనొద్దు. దీపం వేసి పైపు చూడు, నీళ్లుంటే దులుపు, పక్కన కూర్చో. నిద్ర చాలకపోతే పగలు నాకు ఫోన్ చేసి ఏడువు, కోప్పడు, ఏమైనా అను. నీకు తోడు కావాలంటే చెప్పు, వారం రోజులు వచ్చి ఉంటాను. ఆయనకు అలవాటయ్యే దాకా స్కూటర్ తాళం మాత్రం నీ దగ్గరే పెట్టుకో.

పైపుకు తొడుగు కుట్టాను. మీ పెద్దనాయన పాత ఫ్లానెల్ చొక్కాలు రెండు విప్పి, ఆరడుగుల పొడుగున, ఒక వైపు జిప్పు పెట్టి. ఉతకడానికి వీలుగా ఉంటుంది. రేపు పొద్దున ఆర్టీసీ కార్గోలో వేయిస్తున్నారు, దేవరకొండ మీదుగా వచ్చే బస్సుకు. మాస్కు దగ్గర నాలుగు వేళ్లు వదిలి తొడుగు. వెడల్పు సరిపోకపోతే కొలత రాసి పంపు, ఇంకా ఒక చొక్కా ఉంది.

మీ పెద్దమ్మ