నాన్న ఇంటి విలువ తగ్గించి చూపించాలా?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాం. నాన్న 2025 నవంబర్‌లో పోయారు, ఆయన అమెరికా సిటిజన్. అమ్మ ముందే పోయింది. విల్లులో నన్ను ఎగ్జిక్యూటర్‌గా, అంటే విల్లు అమలు చేసే మనిషిగా పెట్టారు, కోర్టులో ప్రొబేట్ (విల్లు ప్రకారం ఆస్తి పంచే ప్రక్రియ) నడుస్తోంది. 1996లో 3 లక్షల డాలర్లకి కొన్న ఇల్లు ఇప్పుడు 14 లక్షలు పలుకుతుందట. షేర్లు, అమ్మ నగలు, తెనాలి దగ్గర 2 ఎకరాలు కూడా ఉన్నాయి. తమ్ముడేమో ఇల్లు 10 లక్షలే చూపిద్దాం అక్కా, లేకపోతే టాక్స్ పడుద్ది అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: వద్దమ్మా, ఆ పని అస్సలు చెయ్యకండి. మనవైపు రిజిస్ట్రేషన్‌కి విలువ తగ్గించి రాయడం చూసీ చూసీ మీ తమ్ముడికి ఆ భయం పట్టుకుంది గానీ అక్కడ లెక్క వేరు. 2025లో పోయినవాళ్ళకి 1 కోటి 39 లక్షల 90 వేల డాలర్ల దాకా ఫెడరల్ ఎస్టేట్ టాక్స్ (పోయినవాళ్ళ ఆస్తి మీద కేంద్రం వేసే పన్ను) లేదు, కాలిఫోర్నియాకి వారసత్వ పన్నే లేదు. పైగా రేపు ఇల్లు అమ్మితే నాన్న కొన్న 3 లక్షలు చూడరు, ఆయన పోయిన రోజు విలువే మీ కొన్న ధర కింద లెక్క. 14 రాసి 14కే అమ్మితే పన్ను పడే లాభమే ఉండదు, 10 రాసి 14కి అమ్మారనుకోండి, 4 లక్షల లాభం మీద పన్ను 15 శాతం వేసుకున్నా 60 వేలు పోతాయి, స్టేట్ టాక్స్ మళ్ళీ వేరే. విలువ పెరిగితే లాయర్ ఫీజు పెరుగుతుందన్నది నిజమే, కానీ మీ విషయంలో ఆ తేడా 4 వేలు.

అసలు ఆ అంకె వేసేది మీరు కాదు. బ్యాంకులో డబ్బు వరకే మీరు రాస్తారు, ఇల్లు, షేర్లు, నగల విలువ కోర్టు పెట్టిన ప్రొబేట్ రెఫరీ కడతారు, ఆయన ఫీజు విలువలో వెయ్యికి ఒక డాలరు. కోర్టు మీకు లెటర్స్ (ఎగ్జిక్యూటర్‌గా అధికారమిచ్చే కాగితాలు) ఇచ్చిన 4 నెలల్లో ఈ విలువలతో ఆస్తుల జాబితా కోర్టులో వెయ్యాలి, ఆలస్యం చెయ్యొద్దు. షేర్లకి నాన్న పోయిన రోజు మార్కెట్‌లో పలికిన ఎక్కువ, తక్కువ ధరలు రెండిటి సగటు తీసుకుంటారు.

తెనాలి పొలం కాలిఫోర్నియా జాబితాలోకి రాదు, దాని పాస్‌బుక్కు మార్పించుకోవడం ఇండియాలో చేసుకోవాల్సిన పని. అయినా రేపు అమ్మితే అమెరికాలోనూ లాభం చూపించాలి కదా, అందుకని నాన్న పోయిన తేదీకి దాని విలువ రిజిస్టర్డ్ వాల్యుయర్ చేత ఇప్పుడే రాయించుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రేటు ఒక్కటే పట్టుకుంటే మీకే నష్టం, బయట రేటు సాధారణంగా అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

ఇక నగలు, నాకు బెంగంతా వీటి గురించే. ఇన్సూరెన్స్ కోసం ఎప్పుడో కట్టించిన కాగితం ఉంటే అది ఇవ్వకండి, అందులో కొత్తది కొనే ధర ఉంటుంది, ఈ జాబితాకి కావాల్సింది అమ్మితే వచ్చే ధర. మనం షాపులో పోసిన తరుగూ మజూరీ తిరిగి రావు. రాళ్ళ హారమైతే రాళ్ళ బరువు తీసేసి బంగారం ఎంతో విడిగా రాయించండి, 22 క్యారెట్లని కూడా రాయించండి, అక్కడ 14 క్యారెట్లే ఎక్కువ చూసే మనిషి పొరబడొచ్చు. పాత నక్షీ పని ఉన్నవి ఏమన్నా ఉంటే రెఫరీ కాకుండా అవి తెలిసిన నిపుణుడి చేత కట్టించొచ్చేమో లాయర్ని అడగండి, అలాంటి ప్రత్యేకమైన వస్తువులకి చట్టం ఒప్పుకుంటుంది. తూకం వేసే రోజు తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో నగ ఫోటో తీసి బరువు ఇద్దరి ఫోన్లలోనూ రాసుకోండమ్మా, అమ్మ గొలుసు 5 కాసులా 6 కాసులా అని పదేళ్ళ తర్వాత మీ ఇద్దరి మధ్య మాట రాకూడదు.