పుస్తకాలు చదివి కారు మెకానిజం నేర్చుకోవచ్చా?

కామర్స్ చదివాను, ఉద్యోగం వల్ల షెడ్డులో చేరే వీల్లేదు, పుస్తకాలతోనే కారు మెకానిజం, దాని వెనకున్న ఇంజనీరింగ్ నేర్చుకోవచ్చా అని అడిగారు. నేర్చుకోవచ్చు. నేనూ ఇంజనీరింగ్ చదవలేదు. ఇంట్లో ఉన్న పాత మారుతి 800 ముందు పుస్తకం పెట్టుకునే నేర్చుకున్నాను.

బీటెక్ వాళ్ల ఐసీ ఇంజన్ల (ఇంధనం లోపలే మండే ఇంజన్ల) పుస్తకంతో మాత్రం మొదలుపెట్టకండి. థర్మోడైనమిక్స్ సమీకరణాలు మీద పడి, బోనెట్ ఎత్తకముందే పుస్తకం అటకెక్కుతుంది. ఐటీఐ మోటార్ మెకానిక్ ట్రేడ్ థియరీ పుస్తకాలు నయం: బొమ్మలు ఎక్కువ, లెక్కలు తక్కువ. చెన్నైలోని నిమి (ఐటీఐలకు పుస్తకాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) తయారుచేసే ఈ పుస్తకాలు భారత్ స్కిల్స్ సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. వాటితోపాటు మీ కారు మోడల్ సర్వీస్ మాన్యువల్ కూడా ఉండాలి. పుస్తకంలో ఏ పాఠం చదివినా మీ కారు కొలతలు అందులోనే దొరుకుతాయి.

ఉదాహరణకు బోర్, స్ట్రోక్. 800లో సిలిండర్ వ్యాసం 68.5 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 72 మి.మీ., సిలిండర్లు మూడు. బళ్లో నేర్చుకున్న స్థూపం ఘనపరిమాణం సూత్రం వేయండి, 796 సీసీ వస్తుంది. ఆర్సీలో ఉండే అంకె అదే. ఆ రోజు నాకు కలిగిన సంతోషం మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదనుకోండి!

నాకు బాగా పట్టుకున్నది బ్రేకుల పాఠం. ద్రవాన్ని ఎంత అదిమినా దాదాపు నలగదు, అందుకే పెడల్ మీది ఒత్తిడి నాలుగు చక్రాలకూ చేరుతుంది. కానీ బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ అదేపనిగా బ్రేక్ తొక్కితే ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నలుగుతుంది కాబట్టి పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. ‘ఘాట్‌లో గేరు మీద దిగాలి’ అని పాత డ్రైవర్లు ఎందుకంటారో నాకు అప్పుడు తెలిసింది.

కొత్త కార్లలో లేదు కదా అని కార్బ్యురేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) పాఠం వదిలేయకండి. అందులోని ఇరుకు దారిలో గాలి వేగం పెరిగి, పీడనం తగ్గి, పెట్రోల్‌ను లాక్కుంటుంది. బరువులో 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోల్ అనే లెక్క అక్కడ బాగా అర్థమవుతుంది. ఇప్పుడు ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, ఆక్సిజన్ సెన్సర్ సాయంతో చూసుకునేదీ ఆ లెక్కనే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పాత సామాన్ల షాపులో పాడైన కార్బ్యురేటర్ ఒకటి కొనుక్కుని విప్పి చూడండి. పాడుచేస్తామన్న టెన్షన్ ఉండదు.

పుస్తకంతో రానిది చేతి బిగువు. ఇంజన్ పైభాగమైన అల్యూమినియం హెడ్‌లో స్పార్క్ ప్లగ్‌ను బలంకొద్దీ బిగిస్తే థ్రెడ్ పోతుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ కొనండి, ఖరీదైనా పర్వాలేదు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి, కారు బరువు మోసే స్టాండ్లు తప్పనిసరి. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, ఆయిల్ మార్చడం మొదట సొంతంగా చేసుకోవచ్చు. బ్రేకులు విప్పే రోజు మాత్రం తెలిసిన మెకానిక్‌ను పక్కన ఉంచుకోండి.